గొర్రెలకు పెట్టినట్టే పేర్లు

మొన్న బుధవారం పులివెందులలో మా తమ్ముడి కోడలి ఇంటికి వెళ్ళాను. వంటింట్లో గ్రైండరు మూడు కాళ్ళు నేల మీద ఉన్నాయి, నాలుగోది ఒక పుస్తకం మీద ఉంది. ఎర్రటి కాలికో గుడ్డ అట్ట. పిండి కారి కారి ఒక మూల గట్టిపడింది. మోకాళ్ళు పట్టుకుని వంగి చూస్తే, పుస్తకం వీపు మీద నల్లరంగుతో, సన్న కుంచెతో రాసి ఉంది: "ఇందులో కుక్క చావదు".

ఆ రాత ఎవరిదో నాకు తెలుసు. 'క'ను అంత గుండ్రంగా రాసే మనిషి మా ప్రొద్దుటూరులో ఒక్కడే ఉండేవాడు.

పుస్తకం తియ్యమన్నాను. తీస్తే గ్రైండరు ఊగుతాదత్తా అంది మా కోడలు. ఊగితే ఊగనీ అన్నాను గాని, గ్రైండరు ఆగితే మరునాడు నాకూ ఇడ్లీ ఉండదు. గూట్లోంచి ఆమె ఎప్పుడో చదివి వదిలేసిన పోటీ పరీక్షల గైడు తీసి, రెండింటి మందమూ వేళ్ళతో కొలిచి, దాన్ని కాలి కిందికి తోశాను. గ్రైండరు మునుపటికన్నా నిటారుగా నిలబడింది.

అతను పోయి ఆ బుధవారానికి నూటతొమ్మిది రోజులు. అతనికి నేను చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండానే ఉండిపోయింది. నా బీరువాలో పేరు లేని పుస్తకం ఒకటి ఉండిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. వరసగా చెబుతాను.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనక సందులో అతని అద్దె పుస్తకాల అంగడి. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. బుధవారం బుధవారం బడి వదలగానే వెళ్ళి ఒకటో రెండో నవలలు తెచ్చుకునేదాన్ని. రిటైరయ్యాక కూడా వారం మార్చలేదు. ఏ రోజు ఏ పుస్తకం తెచ్చాను, ఎన్ని పేజీలు, ఎన్నాళ్ళలో ముగించాను అన్నది నోటుబుక్కులో రాసుకునే అలవాటు. అతని అంగట్లోంచి తెచ్చి చదివినవి మొత్తం వెయ్యిన్ని రెండువందల అరవై మూడు. ఈ అంకె మీద మా ఇద్దరికీ ఒక తగాదా ఉంది. దాని సంగతి తర్వాత.

అతనిది వేముల వైపు పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. పుస్తకాల్లోకి ఎలా వచ్చాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. గొర్రెల్లోంచి మాత్రం పూర్తిగా రాలేదని చూసేవాళ్ళకు తెలిసిపోయేది. కూర్చుని చదవలేడు. కూర్చుంటే నిద్ర వస్తుందట. అంగడి గడపకు ఆనుకుని, ఒక కాలు మడిచి రెండో మోకాలికి ఆనించి, పుస్తకాల పై అరలు అందుకునే కర్రను చంకలో పెట్టుకుని, నిలబడే చదివేవాడు. అలా నాలుగు వందల పేజీలు ఒక్క పొద్దున నిలబడి చదవడం నేను చూశాను. అరల మీది పుస్తకాలను ఎన్నడూ లెక్కపెట్టేవాడు కాదు. ఒకసారి అటూ ఇటూ చూసి, ఒకటి తక్కువుండాది అనేవాడు.

ఇది నాకు నచ్చలేదు. లెక్కపెట్టకుండా తక్కువని ఎలా తెలుస్తుంది? ఒక వేసవి సెలవుల్లో నేనే పూనుకుని మూడు గోడలకూ ఉన్న పుస్తకాలన్నీ లెక్కపెట్టాను. రిజిస్టరు ప్రకారం ఎన్నుండాలో అన్నీ ఉన్నాయి. అతను తలుపు దగ్గర నిలబడి ఒకసారి చూశాడు.

"ఒకటి తక్కువుండాది టీచరమ్మా."

మళ్ళీ లెక్కపెట్టాను. మొదటిసారి, నా సంచిలోంచి తీసి నేనే అరలో పెట్టిన నా నోటుబుక్కును కూడా కలిపేశానని తేలింది. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఆ రోజు నుంచి అతను లెక్కపెట్టకపోవడం గురించి నేను మాట్లాడలేదు.

పుస్తకాలు అద్దెకు తిరిగి తిరిగి ముందు అట్ట ఊడుతుంది, ఆ తర్వాత పేరున్న పేజీ ఊడుతుంది. అతను మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, ఆ బంకతో కాలికో గుడ్డ అంటించి బైండు చేసేవాడు. లోపలి పేజీలో రచయిత పెట్టిన పేరును చిన్న అక్షరాలతో రాసేవాడు. వీపు మీద మాత్రం పెద్ద అక్షరాలతో తాను పెట్టిన పేరు రాసేవాడు.

"అత్త మంచిదే." "వీడు మారడు." "ఉత్తరం దొరికింటే కథే లేదు." "డాక్టరు ముందే చెప్పల్ల." "పెళ్ళి కాదు, అయినా బాగుంటాది." ఇవీ ఆ గోడల మీద వరసగా కనబడే పేర్లు.

ఇదేం పద్ధతప్పా, రచయిత ఒక పేరు పెడితే నువ్వు ఇంకోటి పెట్టడం ఏంది అని మొదట్లో నిలదీశాను. అతను గొర్రెల సంగతి చెప్పాడు. వాళ్ళ మందలో రెండు వందలు ఉండేవట. ఏ గొర్రెకూ లక్ష్మి అని, గౌరి అని పేరు పెట్టరు. పెడితే ఏ లక్ష్మి ఎవరికి గుర్తు? గోడ దూకేది, చెవి తెగింది, పిల్లను తన్నేది, తిరిగొచ్చేది, ఇలా దాని గుణమే దాని పేరు. తిరిగొచ్చేది అంటే ఎంత దూరం పోయినా ఎవరూ పిలవకుండానే సాయంత్రానికి దొడ్లోకి వచ్చి నిలబడే గొర్రె. వాళ్ళమ్మ దానికి మాత్రం చేతిలో గింజలు పెట్టేదట.

"పేరు చెప్తే అది కండ్ల ముందర నిలబడల్ల. నిలబడకుంటే అది పేరు కాదు టీచరమ్మా, అలంకారం."

పైగా ఈ పేర్లు సగం తనవి కావనేవాడు. వచ్చే ఆడవాళ్ళెవరికీ నవల పేరు గుర్తుండదు. అదేనప్పా, అత్త మంచిదిగా ఉంటాదే, ఆ పుస్తకం ఇయ్యి అంటారు. చివర్లో ఎవరన్నా చస్తారా అని అడుగుతారు. కొందరు ఏడవడానికి కావాలంటారు, కొందరు ఏడుపొద్దంటారు. కుక్క ఉన్న నవలను మాత్రం అందరూ వెనక్కి పెట్టేస్తున్నారని గమనించి, ఆ పుస్తకం మీద కుక్క చావదని రాశాడు. ఆ తర్వాత అది అరలో నిలవలేదు. పులివెందుల దాకా వచ్చి గ్రైండరు కిందికి చేరిందంటే ఎంతమంది చేతులు మారిందో.

అలా చివర ఏమవుతుందో అట్ట మీదే చెప్పేస్తే ఇక చదవడం ఎందుకని నా వాదన. బజారులో భాగోతం చూసేదానికి పోయేవాళ్ళకు కథ తెలవదా, అయినా తెల్లారేదాకా కూర్చోలేదా అని అతని వాదన. పేరు అనేది కథ పైన కప్పిన పట్టుగుడ్డలా ఉండాలని, లోపలి వస్తువును కొంచెం దాచి కొంచెం చూపాలని నేను చెబితే, అతను నా సబ్జెక్టునే నా మీదికి తిప్పాడు. లెక్కల పుస్తకంలో పాఠం పేరు త్రిభుజం అని పెట్టి లోపల వృత్తం చెప్తే మీరు ఒప్పుకుంటారా అన్నాడు. ఒప్పుకోనని చెప్పక తప్పలేదు.

ఒక బుధవారం అతని అరల్లో పేరులో వెన్నెల అన్న మాట ఉన్న నవలలు ఎన్ని ఉన్నాయో లోపలి పేజీలు చూసి లెక్క తీశాను. పదకొండు. వాటిలో నిజంగా వెన్నెల కాసినవి నాలుగు. మిగిలిన ఏడింటిలో ఒకదాంట్లో కథంతా మిట్టమధ్యాహ్నమే నడుస్తుంది. ఈ లెక్క నా వాదనకు పనికిరాదని ఇంటికి వచ్చాక తట్టింది. కానీ అప్పటికే అతనికి చెప్పేశాను. నెల రోజుల పాటు వచ్చిన ప్రతి మనిషికీ, టీచరమ్మే లెక్కేసింది అని చెప్పుకున్నాడు.

అన్ని పేర్లూ కుదిరాయని కాదు. ఒక లావుపాటి నవలకు "నూటయాభై పేజీల తర్వాత బాగుంటాది" అని పెట్టాడు. జనం నూటయాభైయో పేజీ నుంచే మొదలుపెట్టి, వీళ్ళంతా ఎవరప్పా అని అతన్ని అడగడం మొదలుపెట్టారు. ఒకావిడ అయితే, ముందరి భాగం చింపేసి ఇస్తే మోసుకపోయేదానికి సులువు గదా అంది.

ఒకసారి కోస్తా వైపు నుంచి ఒక నవలా రచయిత ఏదో సభకు వచ్చి, ఎవరో చెబితే ఈ అంగడి చూడ్డానికి వచ్చాడు. ఆ రోజు బుధవారం కాబట్టి నేనక్కడే ఉన్నాను. ఆయన నవల వీపు మీద "రెండో పెండ్లామే నయం" అని ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. నా పేరు అలాగే ఉంచి పుస్తకం పేరు మాత్రం తీసేశారేమిటండీ అన్నాడు. మీ పేరు మార్చేదానికి నాకు హక్కు ల్యాదు సార్ అని ఇతను శాంతంగా చెప్పాడు. పాత పేరుతో ఉన్నప్పుడు మూడుసార్లు బయటికి పోయిందనీ, పేరు మార్చాక అరవై ఒక్కసార్లు పోయిందనీ నేను రిజిస్టరు చూసి చెప్పాను. ఆయన వెళ్ళిపోయాడు. సందు చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, నా దగ్గర పెన్ను అడిగి, ఆ పేరును తన డైరీలో రాసుకున్నాడు. పెన్ను తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు తగాదా సంగతి. "మొగుణ్ణి వదిలిన పొగరుబోతు" అన్న నవల ఒకటి చదివాను. రెండువందల ఎనభై ఎనిమిది పేజీలు. తొమ్మిదేళ్ళ తర్వాత "ఈమె చేసింది తప్పు కాదు" అన్న నవల తెచ్చాను. నలభయ్యో పేజీలో ఈ రైలు ప్రయాణం ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. మొదలుపెట్టింది వదిలే అలవాటు లేదు కాబట్టి చివరిదాకా చదివాను. నోటుబుక్కులో పేజీలు రాస్తూ చూస్తే అదే అంకె, రెండువందల ఎనభై ఎనిమిది. లోపలి పేజీలో చిన్న అక్షరాల పేరు చూస్తే రెండూ ఒకటే నవల. రెండు ప్రతులు, రెండు పేర్లు.

పుస్తకం తీసుకుని నేరుగా అంగడికి వెళ్ళాను. అప్పటికి అంగడి సగమైంది. ముందు భాగంలో అతని కూతురు సెల్‌ఫోన్ల కవర్లు అమ్మే అంగడి పెట్టింది. జెరాక్సు మిషను కూడా ఉంది. ముందు ఫోన్లకు అట్టలు, వెనక పుస్తకాలకు అట్టలు. ఇప్పుడు నా లెక్కలో దీన్ని ఒకటిగా రాయాలా రెండుగా రాయాలా, మోసం కాదా ఇది అని గట్టిగానే అడిగాను.

అతను కూతురు ఉన్న వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మొదటి పేరు పెట్టిననాడు నా బిడ్డ సంసారం బాగుండేది టీచరమ్మా."

కూతురు ఎవరికో ఫోనుకు కవరు తొడుగుతూ ఉంది. రెండేళ్ళ కింద భర్త ఇల్లు వదిలి వచ్చేసిందని నాకు తెలుసు. మరి మొదటి ప్రతి మీది పేరు కూడా మార్చొచ్చు కదా అని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, అన్నాను. మార్చనన్నాడు. అట్ల చదివింది కూడా తానే, ఆ సంగతి తనకు గుర్తుండాలన్నాడు. తర్వాత, రెండుగా రాసుకోండి అని తీర్పు చెప్పాడు. నేను ఒకటిగానే రాసుకున్నాను. అందుకే నా లెక్క వెయ్యిన్ని రెండువందల అరవై మూడు, అతని లెక్క అరవై నాలుగు.

ఇక నా నవల. అవును, డెబ్భై దాటాక నేనూ ఒకటి రాశాను. జమ్మలమడుగులో ఉన్న మా అక్క కథ. అమ్మకు జబ్బు చేసినప్పుడు అక్క ఎనిమిదో తరగతి, అర్ధసంవత్సర పరీక్షలకు పదకొండు రోజుల ముందు బడి మానింది. మా నలుగుర్నీ పెంచింది. ఆమె బడి మానిన వారానికే నన్ను ఒకటో తరగతిలో వేశారు. ఆమె సంచే నాకు వచ్చింది. ఆమెకిప్పుడు ఎనభై నాలుగు, నాకు డెబ్భై ఆరు. కంటి ఆపరేషను అయ్యాక చదవగలుగుతోంది. మొదటి ప్రతి ఆమె చేతిలో పెట్టాలని నా కోరిక. పేర్లు మార్చి, నాలుగువందల పన్నెండు పేజీలు రాసి, డీటీపీ చేయించి, బైండు కోసం అతనికి ఇచ్చాను. పేరు "కరిగిపోయిన కర్పూరం".

వారం తర్వాత వెళితే, పుస్తకం నీలం కాలికోలో బైండై ఉంది. వీపు ఖాళీగా ఉంది.

"పేరేదప్పా?"

"ఆ పేరు నేను రాయలేను టీచరమ్మా."

ఎందుకని అడిగాను. కర్పూరం ఒకసారి వెలిగి పోతాది, ఈయమ్మ ఇంగా ఉండాది గదా అన్నాడు. ఆమెను ఒకసారి నాతో పాటు అంగట్లో చూసి ఉన్నాడు. చూస్తే కరిగినట్టు కూడా లేదే అన్నాడు. అక్క కొంచెం భారీ మనిషే. నాకు కోపం వచ్చింది. ఇది త్యాగం గురించిన పేరు, బరువు గురించిన పేరు కాదన్నాను.

"త్యాగమంటే తనంతట తాను ఇచ్చేది. ఈ పుస్తకంలో ఈయమ్మ ఇచ్చిందేమీ ల్యాదు. అందరూ తీసుకున్నారు, అంతే. నీకేం కావల్ల అని ఒక్కరన్నా అడిగినారా? నాలుగునూర్ల పేజీల్లో యాడన్నా ఉంటే చూపీండి, నేనే రంగు కలిపి మీ పేరు రాస్తా."

మరి నువ్వేం పేరు పెడతావని అడిగాను. "అక్కను ఎవరూ అడగలేదు" అన్నాడు. ఆలోచించుకున్నట్టు కూడా లేదు, చెవి తెగింది అన్నట్టు చెప్పాడు. అట్ల రాస్తానంటే మాత్రం రాయొద్దన్నాను. నేను ఒప్పుకుంటే తప్ప రాయనన్నాడు. పుస్తకం ఎత్తి పై అరలో పెట్టాడు. నేనూ తీసుకోలేదు.

ఏడు నెలలు. ప్రతి బుధవారం వెళ్ళాను, నవలలు తెచ్చుకున్నాను, వాన గురించి, చెన్నూరు వైపు పంటల గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరం పై అర వైపు చూడలేదు. ముందు భాగంలోంచి అతని కూతురే ఒకసారి, ఇద్దరూ చిన్నపిల్లోళ్ళ మాదిరి చేస్తాండారు అంది.

అతన్ని ఓడించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. లెక్క. డీటీపీ కాగితాలు ముందు పెట్టుకుని, నా నవలలో కథానాయికను ఇతరులు అడిగిన ప్రశ్నలన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. మొత్తం తొంభై ఆరు. వాటిలో అన్నం అయిందా, కాఫీ ఏదీ అన్నవి ముప్ఫై ఎనిమిది. నా చొక్కా ఎక్కడ, నా పుస్తకం ఎక్కడ అన్నవి ఇరవై ఏడు. ఎప్పుడొస్తావు, ఎందుకు ఆలస్యం అన్నవి పందొమ్మిది. మిగిలిన పన్నెండూ ఒకటే ప్రశ్న: వినబడలేదా?

రెండుసార్లు కూడి చూశాను. తొంభై ఆరే వచ్చింది. నీకేం కావాలి అన్నది లేదు. చదువుకుంటావా అన్నది లేదు. నేనే రాసిన పుస్తకం. అందులో మాటలన్నీ నేనే పెట్టాను. పెట్టేటప్పుడు కూడా అడగాలని నాకు తోచలేదు. పైగా నవలలో చిన్న చెల్లెలు ఒకతి ఉంది. ఎక్కడ ఎక్కడ అనే ఇరవై ఏడింటిలో పద్నాలుగు ఆమెవే.

ఈ లెక్క ముగిసింది గురువారం. అతని దగ్గరికి వెళ్ళి, నువ్వే గెలిచినావప్పా, రంగు కలుపు అని చెప్పాలి. బుధవారం వెళ్ళినప్పుడు చెబుదామనుకున్నాను. బుధవారం నా రోజు కాబట్టి. అతను శనివారం పొద్దున, గడపకు ఆనుకుని చదువుతూ, అలాగే జారి కూర్చున్నాడట. కూర్చుని చదవలేడు కదా, నిద్రపోయాడేమో అనుకుందట కూతురు.

నాకు సోమవారం తెలిసింది. గురువారం నుంచి శనివారానికి మధ్య శుక్రవారం ఒకటి ఉంది. మా ఇంటి నుంచి అంగడికి నడిస్తే పన్నెండు నిమిషాలు.

కర్మలయ్యాక కూతురు నీలం పుస్తకం తెచ్చి ఇచ్చింది. వీపు ఖాళీగానే ఉంది. నాయన మూడుసార్లు చదివినాడు మేడం అని చెప్పింది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. పేరు రాస్తే అక్కకు ఇవ్వాలి. ఇస్తే అక్క ఆ పేరు చదువుతుంది. డెబ్భై ఆరేళ్ళ వయసులో కూడా నాకు ఆ ధైర్యం రాలేదు. కుక్క చావదు అని ముందే రాసి ఉంటే తప్ప ముట్టుకోని వాళ్ళను చూసి నవ్వినదాన్ని.

పులివెందుల నుంచి ఎర్ర పుస్తకాన్ని సంచిలో వేసుకుని వచ్చాను. గురువారం బస్సులోనే మొదలుపెట్టి, రాత్రికి చదివి ముగించాను. కుక్క నిజంగానే చావలేదు. శుక్రవారం పొద్దున బీరువా తాళం తీసి, నీలం పుస్తకాన్ని సంచిలో వేసుకుని అంగడికి వెళ్ళాను.

"ఈ పొద్దు శుక్రవారం గదా మేడం?" అంది అతని కూతురు. గోడ మీది క్యాలెండరు కూడా చూసుకుంది.

తెలుసన్నాను. నాయన కుంచె, నల్లరంగు ఉన్నాయా అని అడిగాను. ఆమె వెనక భాగంలోకి పోయి రెండూ తెచ్చింది, వాటితో పాటు ఒక పాత రిజిస్టరు తెచ్చింది. మీకు చూపించాలనుకున్నా మేడం, మీరే రాలేదు అని ఒక పేజీ తీసింది. అతను రిజిస్టరులో మనుషుల పేర్లు కూడా అలాగే రాసుకున్నాడు. "మడత పెట్టేది." "ఏడుపు కావల్ల." "చివరి పేజీ ముందు చదివేది." నా పేరు ఏమై ఉంటుందో నాకు తెలుసు. లెక్కలావిడ అని ఉంటుంది, లేదా ఇంకా దురుసుగా ఏదో. నా బుధవారాలన్నీ వరసగా ఉన్న ఆ గడి పైన గుండ్రటి అక్షరాలతో "తిరిగొచ్చేది" అని ఉంది.

కొంచెం సేపు కూర్చున్నాను. ఆమె జెరాక్సు తీస్తూ ఉంది, నా వైపు చూడలేదు.

నీలం పుస్తకం వీపు మీద స్కేలు పెట్టి పెన్సిలుతో రెండు గీతలు కొట్టాను. అక్షరాల సంఖ్యను బట్టి ఒక్కోదానికి ఎంత చోటో లెక్క వేశాను. అయినా మొదటి మాట పెద్దదైపోయి, చివరి రెండు అక్షరాలు అంచు దగ్గర ఇరుక్కున్నాయి. రంగు ఆరేదాకా ఫోను కవర్ల మధ్య పెట్టి, పదకొండున్నర బస్సుకు జమ్మలమడుగు పోయాను.

అక్క కొడుకూ కోడలూ పనులకు వెళ్ళారు. అక్క ముందు గదిలో కుర్చీలో ఉంది. పుస్తకం చేతిలో పెట్టాను. నువ్వు రాసిందేనా, ఇంత లావుందేమే అంది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, వీపు మీది పేరును కూడబలుక్కుని చదివింది. అక్కను. ఎవరూ. అడగలేదు.

"ఏమడగలేదు?"

"నీకేం కావాలని" అన్నాను.

అక్క బొటనవేలితో ఆ ఇరుక్కున్న చివరి అక్షరాలను రుద్దింది. రంగు అంటలేదు, మంచి రంగు. ఈ పేరు నీకు తట్టింది కాదు లేమే, ఎవరు పెట్టినారు అని అడిగింది. ప్రొద్దుటూరులో ఒకాయన ఉండేవాడని చెప్పాను. గొర్రెల సంగతి కూడా చెప్పాను.

"తెలివైనోడే" అంది. తర్వాత పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "సరే, ఇప్పుడడుగు."

అడిగాను. పూర్తిగానే అడిగాను.

"ఆలోచించి చెప్తా" అంది అక్క. "తొందరపెట్టొద్దు. డెబ్భై ఏండ్లు ఆగినదానివి, ఒక పూట ఆగలేవా?"

డెబ్భై కాదు, డెబ్భై ఒకటి. కానీ సరిదిద్దలేదు.

"అంతవరకు నువ్వు పోయి కాఫీ పెట్టు" అని కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ తీసింది.

ఆ వంటింట్లో నేను అంతకుముందు ఎన్నడూ పొయ్యి వెలిగించలేదని అప్పుడే తెలిసింది. పాలు దొరికాయి. కాఫీపొడి దొరికింది. చక్కెర కనబడలేదు. అక్కా చక్కెర ఎక్కడ అన్న మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. అరల మీది డబ్బాలు ఒక్కొక్కటే దించి, మూత తీసి చూస్తూ పోయాను.

"ఏంమే, ఆడ ఏం చేస్తాండావు? అన్ని డబ్బాలూ పడేస్తాండావు" అని ముందు గదిలోంచి అక్క అరిచింది.

తొమ్మిదో డబ్బాలో దొరికింది.